చుట్టూ అలికిన అడుగు

నా చిన్నప్పుడు మా ఊరి పాటిగడ్డను, పాతకాలం ఊరి దిబ్బను, సర్కారువాళ్ళు తవ్వించారు. అంతకుముందు మేము ఆ పాత మట్టిని బండ్లకెత్తి ఎరువుగా పొలాలకు తోలుకునేవాళ్ళం. అడుగున కోట ఉందని ఎవరికి తెలుసు? గోడలు బయటపడ్డాయి. రోము రాజు ముఖమున్న నాణెం దొరికితే తవ్వించే సార్లు మురిసిపోయారు. మట్టి తట్టలు మోసే మా బాపమ్మ మాత్రం గోడలోని ఒక ఇటుక దగ్గర ఆగిపోయింది. దాని మీద పసివాడి పాదం ఉంది. ఇటుక పచ్చిగా ఉన్నప్పుడు తొక్కినట్టున్నాడు.

ఆ ఏడే నా తమ్ముడు జ్వరంతో పోయాడు. తడి అలుకులో వాడు వేసిన అడుగు మా అరుగు మీద ఉండిపోయింది. అది చెరుగుతుందని అమ్మ ఇల్లు అలకడమే మానేసింది. నేల పెచ్చులు లేచింది. పొయ్యి వెలిగించినరోజు వెలిగించినట్టు, లేనిరోజు లేనట్టు. నేనొకదాన్ని ఉన్నానని కూడా మరిచింది.

బాపమ్మ అమ్మను రెక్క పట్టుకుని గడ్డ మీదికి తీసుకుపోయింది.

“సూడు బిడ్డా, అడుగు పడ్డదని ఇటుక పారేసిండ్రా? చెరిపిండ్రా?”

“లేదత్తా.”

“గోడల వెట్టిండ్రు. గోడ కట్టుడు ఆపలే. నువ్వేడువు, నేనొద్దంటనా? గని ఇల్లు అలుకు.”

అమ్మ ఆ పాదంలో వేలు పెట్టింది. ముట్టొద్దని సారు అరిచాడు.

“మీ రాజును ముట్టినమా సారూ? పోరన్నే గద!” అంది బాపమ్మ.

మర్నాడు అమ్మ ఇల్లు అలికింది, ఆ అడుగును వదిలి, చుట్టూ. అలా వారం వారం పూత మీద పూత పడి నేల పెరిగింది, తమ్ముడి పాదం చిన్న గుంటైంది.

ఇప్పుడు అరబ్బు దేశంలో, అల్ కుసైస్‌లో కొడుకు దగ్గరున్నాను. సముద్రం ఒడ్డున ఇసుకలో పూడిన పాత కోటను తవ్వేవాళ్ళకు వాడు బండి నడుపుతాడు. అక్కడా రోము గాజు పెంకులు దొరికాయట. కరోనా ఏడు నా మనవరాలు పోయింది. బాల్కనీ అద్దం మీద దాని అరచేతి మరక ఉంది. కోడలు ఆ తలుపు దగ్గరికి ఎవరినీ రానివ్వదు. అద్దమంతా దుమ్ము పేరుకుంది.

“ఖలాస్ అమ్మా, తుడిచెయ్” అన్నాడు కొడుకు, మొహం అటు తిప్పుకుని.

ఏసీ ఊరికే తిరిగితే కోడలిని కసరకుండా ఊరుకోను నేను. ఆ రోజు మాత్రం చినిగిన లుంగీ ముక్క తడిపి ఆమె చేతికిచ్చాను.

“దాన్ని ముట్టకు బిడ్డా. సుట్టూ తుడువు.”

ఏడుస్తూనే తుడిచింది. ఇక్కడ దుమ్ముకు కొదవ లేదు. రోజూ ఇద్దరం తుడుస్తాం, అమ్మ అలికినట్టే, ఆ చిన్న చెయ్యి చుట్టూ.