బోధన్ రైల్లో చెవుల లెక్క

ఆ రోజుల్లో నాకు మనుషుల ముఖాల కంటే చెవులే బాగా తెలుసు. ఈ సంగతి డైరీకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ముఖంలోకి చూస్తే ఎదుటివాళ్లు పలకరిస్తారేమోనని భయం. చెవి వైపు చూస్తే ఆ బెడద లేదు. రోజూ బోధన్ నుంచి నిజామాబాద్ కాలేజీకి రైల్లో పోయేదాన్ని. కిటికీ అవతల చెరకు తోటలు, ఫ్యాక్టరీ వైపు నుంచి తీపి వాసన, ఆ మగతలో నా ఎదురుగా వరుసగా చెవులు.

చెవి తమ్మె కొందరికి వేలాడుతుందనీ, కొందరికి చెంపకు అతుక్కుని ఉంటుందనీ, అలా అతుక్కోవాలంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా ఆ జన్యువే అందాలనీ మా మేడమ్ పాఠం చెప్పారు. ఒక్కటే అందితే అది బయటపడకుండా దాక్కుని, ఏ మనవల తరంలోనో తేలుతుందట. ఊరి జనంలో ఆ జన్యువు వంతు తరతరానికీ ఎలా మారుతుందో లెక్కకట్టవచ్చట. మా ఇంట్లో అతుక్కున్న చెవులు నావొక్కదానివే. "నువ్వు రైల్ల దొరికినవే" అని మా అన్న ఏడిపించేవాడు. నేనూ నవ్వేదాన్ని గాని, ఆ మాట డైరీలో మూడుసార్లు రాసుకున్నాను.

రెండు నెలలు ఆడవాళ్ల పెట్టెలో చెవులు లెక్కపెట్టాను. ముసలమ్మల్లో అతుక్కున్నవి దాదాపు లేవు. వాళ్ల కూతుళ్ల ఈడువాళ్లలో కొన్ని. నా ఈడు పిల్లల్లో బోలెడు. అంత త్వరగా జన్యువు ఎలా పెరిగిందంటే, అలాంటి చెవులవాళ్లకు పెళ్లిళ్లు తొందరగా అవుతాయని ఒక సిద్ధాంతం కూడా అల్లాను (నాకు ఒక్క సంబంధమైనా రాలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు). మేడమ్ మురిసిపోయి, సోమవారం క్లాసు ముందు చదవమన్నారు. వారమంతా మబ్బుల్లో తేలాను.

ఆదివారం, ఎండకు కూర్చున్న మా నాయనమ్మకు (అవ్వ అనే పిలుస్తాం) చదివి వినిపించాను. అవ్వ చివరిదాకా విని, చెవులకున్న బరువైన బంగారు గెంటీలు తీసి, భుజం వైపు జారిన తమ్మెలు చూపించింది.

"గివి పుట్టుకతోనే గిట్లున్నయా బిడ్డా? యాభై ఏండ్లు బంగారం గుంజింది."

ముసలమ్మల తమ్మెలను వేలాడదీసింది జన్యువు కాదు, నగల బరువు. సోమవారం ఆ తప్పు కూడా కలిపి చదివాను. క్లాసంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ మేడమ్. తల ఎత్తి ఆ ముఖాలన్నీ చూడటం నాకదే మొదటిసారి.

అవ్వ పోయాక ఆ గెంటీలు నాకు వచ్చాయి. అద్దంలో చూసుకుంటే నా తమ్మెలూ కాస్త జారినట్టే ఉంటాయి. నా వ్యాసం విన్న ఆ ఆదివారం, తీసిన గెంటీలు మళ్లీ పెట్టుకుంటూ, అవ్వ నా చెవి పట్టుకుని అంది:

"నా పెండ్లినాడు నా చెవులు గిట్లనే ఉండె. నువ్వు రైల్ల దొర్కలే బిడ్డా, నా కాడికెల్లి అచ్చినవ్."