అక్క తిప్పేసిన ఎక్స్‌రే

ఆస్పత్రిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఊడ్చే మనిషి దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ ఆమె ఎక్స్‌రే అక్కే. ఇరవై తొమ్మిదేళ్లుగా కిటికీలేని ఆ గది ఆమె రాజ్యం. తలుపు మీద ఎర్రలైటు వెలిగిందంటే ఎంత పెద్ద డాక్టరైనా బయట నిలబడాల్సిందే. "గట్టిగా ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఆ, వదలండి" అని రోజుకు తొంభైసార్లు అంటుంది. ఇంట్లో సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా తెలియకుండానే ఊపిరి బిగబడుతుంది. లారీల మెకానిక్ అయిన మొగుడు "వదలవే తల్లీ, లేకపోతే నిన్ను నేను మోసుకెళ్లాలి ఆస్పత్రికి" అని ఆటపట్టిస్తాడు.

ముఖాలు ఆమెకు అసలు గుర్తుండవు. బజారులో ఎవరైనా "బాగున్నారా అక్కా" అంటే తెల్లమొహం వేస్తుంది. "మెడ ఎముక విరిగి వచ్చాను కదండీ" అనగానే "ఓ, ఎడమవైపు కదూ, రెండు ముక్కలూ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి, అది మీరేనా" అంటూ చుట్టాన్ని చూసినంత సంబరపడిపోతుంది.

ఆమెకు ఒళ్లు మండే విషయం ఒక్కటే. బొమ్మలో కుడి ఏదో ఎడమ ఏదో తెలియడానికి ప్లేటు అంచున చిన్న సీసపు అక్షరాన్ని ప్లాస్టరుతో అంటించాలి. ఎముకలతో పాటు అదీ బొమ్మలో పడుతుంది. కొత్తగా చేరినవాళ్లు అది మరిచిపోయి, తర్వాత తీరిగ్గా కంప్యూటరులో అక్షరం కొడితే ఆమె ఒంటికాలి మీద లేస్తుంది. "నీ జ్ఞాపకాన్ని నమ్ముకుని ఎవరి కాలు కోయిస్తావు? అక్షరం పడకపోతే మళ్లీ తీయి, అంతే" అంటుంది. అలాంటి మనిషి చేతుల మీదుగానే జరగాలా ఇది? ఏం చెప్పమంటారు, జరిగింది.

ఆ మధ్యాహ్నం పరంజా మీద నుంచి పడ్డ తాపీమేస్త్రీని తెచ్చారు. నలభై ఏళ్లుంటాయేమో. సిమెంటు మరకల చొక్కా చిరిగి వేలాడుతోంది, ఊపిరి అందక ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. నిలబడే స్థితి కాదు కాబట్టి పడుకోబెట్టే, వీపు కింద ప్లేటు తోసి బొమ్మ తీసింది. అతణ్ణి వెంటనే క్యాజువాలిటీకి తోసుకుపోయారు.

బొమ్మ తెర మీదకు వచ్చింది. అక్షరం లేదు. చెమటకూ నెత్తురుకూ ప్లాస్టరు ఊడి ఎక్కడో పడిపోయింది. మళ్లీ తీయాలి. అంతలో క్యాజువాలిటీ నుంచి కుర్ర డాక్టరు రెండోసారి ఫోను చేశాడు. "అక్కా, త్వరగా పంపండి. ఛాతీలో గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోయినట్టుంది. గొట్టం వేసి గాలి తీయాలి, మనిషి నీలంగా అయిపోతున్నాడు." ఇక మనిషిని వెనక్కి ఎలా తెప్పిస్తుంది?

బొమ్మలో గుండె నీడ మనిషి కుడిపక్కకు ఉంది. గుండె కుడిపక్కన ఉండటమేమిటి? 'ఖర్మ, హడావిడిలో నిలబెట్టి వీపువైపు నుంచి తీసినట్టు మీట నొక్కేశాను, అందుకే మెషీను తిరగేసి చూపిస్తోంది' అనుకుంది. ఒక్క మీట నొక్కి బొమ్మను అటుదిటు తిప్పింది. గుండె దాని చోటికి వచ్చి కూర్చుంది. ముడుచుకున్న ఊపిరితిత్తి కుడివైపుకు మారింది. పైన కుడి అని అక్షరం కొట్టి పంపేసింది.

తర్వాత ఒక ముసలమ్మ మోకాలి బొమ్మ తీయడానికి మెషీను సర్దబోతే, మేస్త్రీ బొమ్మకు తను పెట్టిన వివరాలు ఇంకా తెర మీదే ఉన్నాయి. పడుకోబెట్టి తీసినట్టే ఉంది. తను సరిగ్గానే నొక్కింది. అంటే బొమ్మ తిరగబడలేదు. ఎడమ ఛాతీలో నిండిన గాలి గుండెను నిజంగానే కుడిపక్కకు నెట్టేసింది. ముసలమ్మను అలాగే వదిలేసి, ఒంటి మీద సీసపు కోటుతోనే వరండా పొడవునా పరుగెత్తింది.

డాక్టరు అప్పటికే కుడిపక్క కోసి గొట్టం దించాడు.

"ఎడమ, బాబూ. ఎడమపక్క. బొమ్మ నేను తిప్పేశాను."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఎడమపక్క కోశాడు. గాలి బుస్సున బయటికి వచ్చింది గానీ మేస్త్రీ గుండె అప్పటికే ఆగిపోయింది. నలభై నిమిషాలు ఛాతీ నొక్కారు. మూడూ పదికి ఆపేశారు.

చేతులు కడుక్కుంటూ డాక్టరు మెల్లగా అన్నాడు. "స్టెతస్కోపు పెట్టి నేనే వినాల్సింది. మీరు తీసిన బొమ్మ కదా అని వినలేదక్కా."

సూపరింటెండెంటు ఆమెను గదికి పిలిచి తలుపు వేశాడు. "దెబ్బ మామూలుది కాదమ్మా, ఎలాగూ బతికేవాడు కాదేమో. ఆ బొమ్మను సరిచేసి పెట్టేయండి, ఇంతటితో పోతుంది" అన్నాడు. ఆమె బొమ్మ జోలికి పోలేదు. కాగితం అడిగి జరిగింది జరిగినట్టు రాసి, సంతకం పెట్టి, బల్ల మీద ఉంచింది.

మేస్త్రీ భార్య వరండాలో బెంచీ మీద ఉంది. మొగుడి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నట్టుంది. అక్క వెళ్లి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఎక్స్‌రే తీసింది నేను. మీ ఆయనకు దెబ్బ ఎడమపక్క. నేను తప్పుగా చూసి కుడిపక్క అని రాశాను. అందుకే డాక్టరు ముందు కుడిపక్క కోశాడు. తప్పు నాది. అదే కాగితం మీద రాసి ఇచ్చాను."

భార్య ఒళ్లోని చెప్పులకు అంటిన సిమెంటును గోటితో గీకుతూ ఉంది. అర్థం కాలేదేమో అనుకుని అక్క మళ్లీ చెప్పబోయింది.

"ఎడమపక్కేనమ్మా" అంది భార్య. "పడ్డ దగ్గర్నుంచీ ఆ పక్కే పట్టుకుని ఉన్నాడు. మాట రాకపోయినా చెయ్యి మాత్రం తీయలేదు. మీ గదిలోకి తోసుకెళ్లినప్పుడు కూడా అక్కడే పెట్టుకున్నాడు. మీకు కనబడలేదా?"

కనబడింది. బొమ్మలో నీడ పడుతుందని ఆ చేతిని తనే రెండుసార్లు తీసి పక్కన పెట్టింది. రెండోసారి కాస్త విసుక్కుంది కూడా.