అరవై దాటిన మా కోడలు

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవాళ్ళు. మణికట్టు దగ్గర నాడి చక్కగా అందేవాళ్ళు, అందనివాళ్ళు. బస్సులో పక్కన నిలబడ్డ పెద్దాయన కడ్డీ పట్టుకుంటే నేను ఆయన ముఖం చూసేవాణ్ణి కాదు, మణికట్టు చూసేవాణ్ణి. (సెలవుకు కోవిల్‌పట్టి పక్కన మా ఊరికి వెళితే, కడలమిట్టాయి అనే వేరుశెనగ పాకం ముక్క అందించిన మా అమ్మ చెయ్యి పట్టుకుని, మిట్టాయి సంగతి మరిచిపోయి నాడి చూస్తూ నిలబడ్డానట. ఆమె ఈ మాట చుట్టాలందరికీ చెప్పింది, ఇంకా చెబుతూనే ఉంది.) ఎమ్.డి. చదివేసి, ఊళ్ళో పెద్ద డాక్టరని పేరు తెచ్చుకుని, విరుదునగర్‌లో ఒక ఆసుపత్రిలో గుండె వైద్యం ఫెలోషిప్‌లో చేరాక తెలిసింది, నేను మళ్ళీ ఒకటో తరగతి పిల్లాణ్ణేనని.

మా గురువుగారిని మేము కనుబొమ్మల సారు అని పిలుచుకునేవాళ్ళం. ఆయన నోటితో పాఠం చెప్పడం అరుదు. ఒక కనుబొమ్మ లేస్తే తప్పు చేశామని, రెండూ లేస్తే గదిలోంచి బయటికి నడవమని అర్థం. ఆపరేషన్ గదిలో ముఖానికి గుడ్డ కట్టుకున్నాక కనిపించేవీ అవే కాబట్టి మా చదువంతా వాటి మీదే సాగింది. ఆయనది ఒక విచిత్రమైన నియమం. యాంజియోగ్రామ్ అంటే మణికట్టు నాళంలోంచి సన్నని గొట్టం గుండె దాకా పంపి, మందు ఎక్కించి, అడ్డంకి ఎక్కడుందో చూసే పరీక్ష. ఫెలో ఎవరైనా దాన్ని మొదటిసారి తన చేత్తో చెయ్యాలంటే, ముందుగా రోగి దగ్గరికి తానే వెళ్ళి, "నేనింకా నేర్చుకుంటున్నాను. పెద్ద డాక్టరుగారు నా పక్కనే ఉంటారు. నేను చెయ్యవచ్చా?" అని అడగాలి. రోగి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే గొట్టం చేతికొస్తుంది.

నాతోపాటు చేరిన ఇద్దరికీ ఒప్పుకునే రోగులు దొరికారు. నాకు మాత్రం దొరకలేదు. ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒకాయన నా మాటలన్నీ శ్రద్ధగా విని, నా భుజం తట్టి, "బాగా నేర్చుకోండి తంబీ, నా మీద మాత్రం వద్దు" అని తమిళంలో దీవించాడు. ఇంకొకావిడ నేను అడుగుతుండగానే ఏడుపు మొదలుపెట్టింది. నా ముఖంలోనే ఏదో లోపముందని అద్దం ముందు నిలబడి "నేర్చుకుంటున్నాను" అనే మాటను రకరకాలుగా పలికి చూసుకున్నాను. ఏ రకంగా పలికినా, నన్ను నేనే నమ్మలేకపోయాను. ఇలాగే సాగితే ఫెలోషిప్ ముగిసేనాటికి నేను ఒక్క గొట్టమూ పట్టని గుండె వైద్యుణ్ణి అవుతానని బెంగ పట్టుకుంది.

అప్పుడు వచ్చారు వెంబకోట్టై పక్క పల్లెనుంచి ఆ మొగుడూపెళ్ళాలు. ఆమెకు అరవై దాటాయి. నాలుగడుగులు నడిస్తే గుండెల్లో నొప్పి. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మొగుడితో మా ఇంటి భాషైన తెలుగులో ఏదో అంటోంది. గడప దాటితే తమిళమే మాట్లాడే మాకు ఆసుపత్రిలో ఆ మాట వినబడితే ప్రాణం లేచొస్తుంది. నేనూ అదే భాషలో పలకరించి, నా పాఠం అప్పజెప్పాను.

"మన పిల్లోడేనా!" అంది ఆమె, ముఖమంతా విప్పారి. "పిల్లోడు నేర్చుకోకుంటే ఎట్ల పెద్దోడయ్యేది? నువ్వే చెయ్యి నాయనా. నాకు సమ్మతమే."

నేను గాల్లో తేలుతున్నాను. అక్కడితో నోరు మూసుకుని బయటికి వచ్చేసి ఉంటే ఈ కథే లేదు. ఆమె మొగుడు మాత్రం మావాళ్ళందరూ అడిగే ప్రశ్న అడిగాడు. "అది సరే, ఏవూరు మీది? ఇంటిపేరేమి?"

నేను గర్వంగా చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. "ఓయ్, మా ఇంటోళ్ళే! మీ తాత ఎవురు? రెండో పెండ్లాం కొడుకేనా?" అంటూ వేళ్ళు మడుస్తూ లెక్క మొదలుపెట్టాడు. (మా వంశంలో మగాళ్ళు నిదానస్తులు. మా తాత ముత్తాతకు ముసలితనంలో పుట్టాడు, మా నాన్న తాతకు దాదాపు అదే వయసులో పుట్టాడు, నేనూ తొందరపడలేదు.) "అట్లయితే మీ తాత మా ముత్తాతకు తమ్ముడు. మీ నాయన మా తాతకు తమ్ముడు. నువ్వు మా నాయనకు తమ్ముడు. అడడా! నువ్వు నాకు చిన్నాయన అవుతావే!"

ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మంచం మీద ఆమె లేదు. ఒక్క ఉదుటున కిందికి దూకి, పైట భుజాల చుట్టూ కప్పుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. "అయ్యయ్యో, మామ ముందర కాళ్ళు చాపుకుని కూచుంటినే!" అని గొణుక్కుంటోంది. మొగుడికి చిన్నాయననైతే ఆమెకు మామనే కదా. మా పల్లెల్లో ఆ తరం కోడళ్ళు మామ ఎదుట కూర్చోరు, మామతో ముఖాముఖి మాట్లాడరు. ఇక మామ చేతికి చెయ్యివ్వడమా?

ఆ రోజంతా నా బతుకు చూడాలి. మంచం దిగకూడదని ఆమెకు రాసిచ్చింది నేను. నేను లోపలికి అడుగుపెడితే చాలు, మంచం దిగేదీ ఆమే. నొప్పి ఎలా ఉందని అడిగితే సెలైన్ కడ్డీ వైపు తిరిగి, "తగ్గిందని మామకు చెప్పండి" అనేది. మొగుడు దాన్ని నాకు తెలుగులోంచి తెలుగులోకి అనువదించేవాడు. ఈయన వస్తే చాలు రోగికి నాడి పరుగెడుతోందని నర్సమ్మలు నన్ను అనుమానంగా చూశారు. చివరికి నేను తెర చాటున నిలబడి, గొంతు తగ్గించుకుని వైద్యం చెయ్యసాగాను. రౌండ్స్‌కి వచ్చిన కనుబొమ్మల సారు తెర పక్కకి లాగి నన్ను చూశారు. రెండు కనుబొమ్మలూ లేచాయి. నేను తమిళంలో వరసల లెక్కంతా విన్నవించాను. ఆయన కనుబొమ్మలు దించి, "ఒప్పుకున్న మనిషి. రేపు పొద్దున్నే పరీక్ష. నువ్వే సర్దుకో" అని వెళ్ళిపోయారు.

సర్దుకోవడానికేముంది? ఆమె అప్పటికే మూట కట్టేసింది. "మామ చేత చెయ్యి పట్టించుకునేదానికంటే ఇంటికి పోయి నొప్పితో పడుకునేది మేలు" అని సెలైన్ కడ్డీకి తేల్చి చెప్పింది. సారే చేస్తారన్నా, మామ ఉన్న ఆసుపత్రిలో మంచం మీద పడుకోనంది. నాకు నిజంగా భయమేసింది. నా మొదటి పరీక్ష పోతే పోనీ. ఈ మనిషి ఈ గుండెతో ఇల్లు చేరితే, నేను చెప్పిన ఇంటిపేరు వల్లే ఒక ప్రాణం మీదికి వచ్చినట్టు. వేరే దారి తోచక మా అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ అంతా విని, విసుగ్గా, "మగాళ్ళు లెక్కేస్తే ఇట్లే ఉంటుంది. ఆమె పుట్టినిల్లు ఏవూరో అడుగురా" అంది. వత్రాప్ పక్కనని మొగుడు చెప్పాడు. "వాళ్ళ అక్కచెల్లెళ్ళను ఎక్కడిచ్చినారు?" ఫోన్ స్పీకర్లో పెట్టి ఆమె మంచం మీద పెట్టాను, నేను తెర వెనక్కి జరిగాను. ఇద్దరూ పెళ్ళిళ్ళూ పురుళ్ళూ తవ్వుకుంటూ పోయారు. ఎట్టకేలకు అమ్మ గొంతు విజయంతో మోగింది.

"అట్ల చెప్పండి! మీ అక్క మా పెదనాయన పెండ్లాం! మీరు నాకు పిన్నమ్మ. వాడు మీకు మనవడు. ముత్తాతల కాలం వరస ఎవురిక్కావాల? ఇదే దగ్గర వరస."

"అయినా మామ వరస ఉండాదే అమ్మా," అంది ఆమె, నీళ్ళు నములుతూ.

"మంచం మీద ఉన్నంతసేపు అవ్వ. మంచం దిగినాక మీ ఇష్టం పిన్నమ్మా."

ఆమె తెరవైపు చూసి, నిదానంగా మంచమెక్కి కాళ్ళు చాపుకుంది. మొగుడొక్కడే ఒప్పుకోలేదు. "నా చిన్నాయనకు నా పెండ్లాం అవ్వనా? ఇదేమి నియాయం?" అని పొద్దుపోయేదాకా వాదించాడు.

మర్నాడు పరీక్ష గదిలో ఆమె గాజులు తియ్యనంది. వాటిని మోచేతి పైదాకా తోసి గాజుగుడ్డతో కట్టాం. నేను సూది పట్టుకోగానే, "ఏంరా మనవడా, చెయ్యి యాల వణకతా ఉంది? పొద్దున తింటివా లేదా?" అని అవ్వ హోదాలో గట్టిగా అడిగింది. గదిలో అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో నా వణుకు ఎటు పోయిందో తెలియదు, నాళం అందింది. గొట్టం పోవలసిన చోటికే పోయింది. పక్కన కనుబొమ్మలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. ఒకే ఒక నాళంలో గట్టి అడ్డు. అప్పటికప్పుడే సారు దాన్ని తెరిచి స్టెంట్ పెట్టారు. చేతులు కడుక్కుంటూ నాతో, "మీ అమ్మగారికి ఫోన్ చేసి చెప్పు. నా వందనాలు కూడా చెప్పు" అన్నారు. ఆయన నాతో అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు.

ఇంటికి పంపే రోజు ఆమె మంచం దిగింది. దిగిందంటే కోడలే. పైట సర్దుకుని, తల వంచుకుని, అయినా ఈసారి కడ్డీకి కాదు, నాకే చెప్పింది. "నాకు బయంగానే ఉండె మామా. మీరు నాకంటే ఎక్కువ బయపడతా ఉంటిరి. పిల్లోడు పాపం అని నేను ధైర్యంగా ఉంటిని." నేను వద్దు వద్దంటున్నా వంగి కాళ్ళకు మొక్కింది. పెళ్ళి కూడా కాని నేను, తల్లికంటే పెద్ద మనిషి నెత్తిన చెయ్యి పెట్టి "నూరేళ్ళు చల్లగా ఉండమ్మా" అన్నాను. నేర్చుకుంటున్నానని చెప్పినవాడికి తన గుండెను అప్పగించిన మనిషి. నేను ఆ తర్వాత చేసిన ప్రతి పరీక్షలోనూ ఆమె పెట్టిన భిక్ష ఉంది.

ఇప్పుడు నా దగ్గరా ఫెలోలు ఉన్నారు. నియమం అదే. ఆమె ఏటా గుండె చూపించుకోవడానికి వస్తూనే ఉంది, మంచం మీద అవ్వ, మంచం దిగితే కోడలు. మొన్న మళ్ళీ యాంజియోగ్రామ్ అవసరమై వచ్చినప్పుడు మా కొత్త ఫెలో ఒకడు ఆమె ముందు నిలబడి, "నేనింకా నేర్చుకుంటున్నాను" అన్నాడు. "చెయ్యి నాయనా, నాకు అలవాటే" అంది. పరీక్షయ్యాక మంచం దిగి, పైట సర్దుకుని, నెరిసిన నా తలను తేరిపార చూసి, "ఇప్పుడు కదా మామా, చూసేదానికి మామ మాదిరి ఉండారు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. కానీ తెర చాటున బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ ఆ నల్లజుట్టు కుర్రాడు కళ్ళముందు మెదిలాడు. ఇప్పుడు వాడు నాకు ఏ వరస అవుతాడో మా అమ్మనే అడగాలి.