చివరి బెంచీలో నల్లచొక్కా

ఆ రోజుల్లో నాస్తికుణ్ణి దూరం నుంచే గుర్తుపట్టగలనని నాకు గట్టి నమ్మకం. పంతొమ్మిదేళ్ల వయసు, చంకలో బైబిలు, సండేస్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసినందుకు మూడు బహుమతులు (మూడూ స్టీలు గ్లాసులే). ఇంతకన్నా అర్హత ఏం కావాలి? దేవుడి భయం లేనివాడు తాగుతాడు, భార్యను కొడతాడు, నరకం గుర్తొచ్చి వణుకుతాడు. ఇదీ నా సిద్ధాంతం. దానికి సరిపడా మనిషి పెరంబూరులో మా పక్క క్వార్టర్స్‌లోనే ఉండేవాడు. రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. సెలవు దొరికితే నల్లచొక్కా తొడుక్కుని, వీధి చివర మైకు పట్టి దేవుడు లేడని చెప్పొచ్చేవాడు. అందరికీ ఆయన నల్లచొక్కా మామ.

ఆ ఏడు మా తెలుగు సంఘంలో యువజన ఆదివారం ప్రసంగం నాకిచ్చారు. అంతకు ముందు ఏడూ ఇచ్చారు గానీ, "ప్రియులారా" అని పదకొండుసార్లు అని కూర్చుండిపోయాను. "ఈసారీ అంతేనైతే పాటలకు తాళం వేసుకుందువులే బాబూ" అని పాస్టరుగారు మెత్తగా చెప్పారు. పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలకు ఆయన ఉత్తరం రాస్తేనే నాకు సీటు. అంటే నా బతుకంతా ఆ పది నిమిషాల మీదే ఉంది.

శనివారం సాయంత్రం మేడమీద సాధన మొదలుపెట్టాను. అంశం నాస్తికుడి దుర్గతి. "అతడు తాగును! భార్యను కొట్టును! వణకును!"

"తంబీ, 'కొట్టును' కాడ గొంతు పడిపోతా ఉండాది. వెనక బెంచీకి వినపడదు."

నీళ్ల ట్యాంకు వెనక నల్లచొక్కా ఆరేస్తూ మామ! బైబిలు చప్పున మూసేశాను.

"అది... మీ గురించి కాదు మామా."

"ఈ లైన్‌లో ఇంకెవుర్రా ఉండారు నాస్తికుడు? నేను తాగేది మీ అత్త ఇచ్చే కాఫీ. కొట్టే ధైర్యం ఉండాదో లేదో ఆమెనే అడుగు. వణికేదంటావా, మార్గళి నెల చలిలో చన్నీళ్లు పోసుకుంటే నువ్వూ వణుకుతావు."

తర్వాత గంటసేపు మైకు ఎంత దూరంలో పట్టాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్పాడు. "రేపు చివరి బెంచీలో కూసుంటా. గొంతు తగ్గితే చెయ్యెత్తుతా, సరియా?"

"మీరు చర్చికా? దేవుడు లేడంటారు కదా!"

"ఆయన లేకపోతే ఏమిరా, నువ్వుండావు కదా."

ఆదివారం "ప్రియులారా" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి అన్నది నాకే వినపడలేదు. చివర నల్లచొక్కా చెయ్యి లేచింది. గొంతు దానంతటదే విచ్చుకుంది. నాస్తికుడి దుర్గతి మాత్రం నోట రాలేదు. పక్కింటివాణ్ణి ప్రేమించడం గురించి ఏదో చెప్పాను. చెయ్యి ఇంకో రెండుసార్లు లేచింది.

మా సంఘంలో ప్రసంగం మధ్య కొత్తమనిషి చెయ్యెత్తాడంటే రక్షణ కోరి విశ్వాసిగా మారుతున్నట్టు. (ఈ సంగతి ఆయనకు తెలియదు, నాకు గుర్తులేదు.) పెద్దలు "హల్లెలూయా" అంటూ ఆయన్ని చుట్టుముట్టి బాప్తిస్మం ఎప్పుడన్నారు. పాస్టరుగారు నా భుజం తట్టి, "ఒక్క ప్రసంగానికే ఒక ఆత్మ రక్షణ! రేపే ఉత్తరం రాస్తా" అన్నారు. నోరు మూసుకుంటే సీటు ఖాయం. పెద్దల మధ్య నుంచి మామ కూడా నా వంకే చూస్తున్నాడు.

"అయ్యగారూ, ఆయన చెయ్యెత్తింది దేవుడి కోసం కాదు," అన్నాను. "నా కోసం." మొత్తం చెప్పేశాను, నా సిద్ధాంతంతో సహా.

 పాస్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఉత్తరం మాత్రం రాశారు.

ఆ నల్లచొక్కా ఇప్పుడు వెలిసి బూడిదరంగైంది. ఇప్పటికీ మామ కోసం రోజూ ప్రార్థిస్తాను, తాగుడు సంగతి తీసేసి. ఆయనకూ తెలుసు. "చేసుకో తంబీ, వద్దనను. గొంతు మాత్రం తగ్గించొద్దు" అంటాడు. పాస్టరుగా పుల్పిట్ మీద నా గొంతు తగ్గినప్పుడల్లా, ఆ మూడు గ్లాసుల పండితుణ్ణి తలచుకుని నవ్వుకుంటూ, చివరి బెంచీ వైపు చూస్తాను.