అవ్వ బొట్టు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కినప్పటి నుంచీ నాకు బెరుకుగానే ఉంది. ఊరు కొత్త, సంఘం కొత్త, ఆ ఆదివారం వాక్యం చెప్పాల్సింది నేను. దేవుడు అందరినీ రమ్మంటాడని రాసుకున్న కాగితాలు మళ్ళీ మళ్ళీ తిరగేస్తున్నాను.

ఒళ్ళో బైబిలు చూసి పక్క సీట్లో అవ్వ అడిగింది. "చర్చిల వాక్యం చెప్పనీకేనా బిడ్డా? నేను గూడ ఆడికే."

ఆమె నుదుటన పెద్ద కుంకుమబొట్టు. నా చూపు దాని మీదే ఆగడం ఆమె గమనించింది.

"లోపలికి రావాలంటే తుడుసుకోమన్నరు. మా ముసలాయన బతికే ఉన్నడు, నాకు చెయ్యి రాదు. గందుకే బయట చెప్పుల కాడ కూసోని వింట. నువ్వు గూడ తుడుసుకోమంటవా?"

"లేదవ్వా, అలాగే లోపలికి రా" అన్నాను.

ఆమె నవ్వింది. నేను కాగితాలు మడిచి బైబిల్లో పెట్టేశాను. మా ఊరి చర్చి గుమ్మంలో నిలబడి ఆడవాళ్ళను బొట్టు తుడుచుకోమనేది నేనే.