బాపు కంట్లో ఈగలు

మా బాపు కంట్లో చుక్కలు నా చేత్తో నేనే వేశాను. ఆపుకోలేక ఈ మాట జగిత్యాల బస్సులో పక్కన కూర్చున్నామెకు చెప్పాను, ఊళ్లో మందుల షాపు అన్నకు చెప్పాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా ఇంటి మొత్తంలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. కళ్లు పరీక్ష చేసే చదువు, ఆప్టోమెట్రీ. కోరుట్లలో ఒక కంటి ఆస్పత్రిలో ఉద్యోగం. బాపు పెగడపల్లి దగ్గర మా ఊళ్లో తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు.

పోయిన ఎండాకాలం సెలవుకు ఇంటికి వెళ్లాను. బాపు అన్నం తింటూ మొహం ముందు చెయ్యి ఊపుతున్నాడు. కాసేపాగి మళ్లీ ఊపాడు.

"ఏంది బాపు?"

"ఈగలు బిడ్డా. లొట్టి కాడికెళ్లి ఎంబడే వచ్చినయి."

ఇంట్లో ఒక్క ఈగ లేదు. కల్లు పట్టేందుకు చెట్టుకు కట్టే కుండ, ఆ లొట్టి చుట్టూ మాత్రం ఎప్పుడూ ముసురుతూనే ఉంటాయి. రోజంతా వాటి మధ్య తిరిగే మనిషి, కంట్లో నల్లటి చుక్కలు తేలినా ఈగలే అనుకున్నాడు. ఎన్నాళ్ల నుంచి కనబడుతున్నాయో ఆయనకే తెలియదు.

అట్లాంటి చుక్కలు చాలామందికి వయసు వల్లే వస్తాయి. కానీ కంటి వెనక పొర చిరిగినా అట్లాగే కనబడతాయి. ఆ చిరుగు ముదిరితే చూపు పోతుంది. అదీ చెట్టు మీద ఉన్నప్పుడైతే?

"రేపే కోరుట్లకు పోదాం. చుక్కలేసి, కంటిపాప పెద్దగ చేసి, లోపట చూడాలె."

"చుక్కలేస్తే ఏమైతది?"

"రాత్రిదాక చూపు మసక మసకగ ఉంటది. చెట్టెక్కద్దు."

బాపు చెయ్యి కడిగేసుకున్నాడు. "మాపటేల ఎక్కకపోతే ఎట్ల? పూట తప్పితే గెల ఎండుకపోతది. నీ చుక్కలు నీ కాడ్నే పెట్టుకో."

గెల కొసను రెండు పూటలా సన్నగా చెక్కితేనే కల్లు కారుతుంది. అందులో అబద్ధం లేదు.

"గెల పోతే ఇంకో గెల గీస్తవు. కన్ను పోతే ఇంకోటి ఏడికెళ్లి తెస్తవు?" అంది పొయ్యి దగ్గర నుంచి అవ్వ, మా అమ్మ.

నేను బయటికి వచ్చి బాపు తమ్ముడు చిన్నబాపుకు ఫోన్ చేశాను. ఆయన సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. అయినా ఏటా ఎండాకాలం వచ్చి బాపుతో పాటు చెట్లెక్కి పోతాడు. తెల్లారి మొదటి బస్సుకే దిగాడు.

"అన్నా, మాపటికి నీ మోకు నాకియ్యి, చెట్లు నేనెక్కుత. ఒక్క పూట రాజాలెక్క కూసో."

"సాంచాల కాడ నిలవడి నిలవడి నీ కాళ్లు మెత్తవడ్డయి."

"నా కాళ్ల ముచ్చట తర్వాత. నీ కన్ను సూయించుకరాపో."

పొద్దుటి చెట్లన్నీ దిగాకే బాపు బయల్దేరాడు.

ఆస్పత్రిలో ముందు బీపీ చూసి, తర్వాత కంటి ఒత్తిడి చూశాను. దానికి తిమ్మిరి చుక్క వేసి, కంటికి పసుపు రంగు మందు అంటించాలి. అది బుగ్గల మీదికి కారింది. బాపు తుడుచుకుని దస్తీ చూసుకున్నాడు.

"పసుపు రాసినవేంది బిడ్డా? నేనేమన్న పెండ్లిపిల్లగాన్నా?"

ఒత్తిడి బాగానే ఉంది. ఇక పాపను పెద్దది చేసే చుక్కలు. ఎంతమందికి వేశానో లెక్కలేదు. బాపు కింది రెప్ప లాగే ముందు మాత్రం సీసా మీద పేరు రెండుసార్లు చదివాను.

"జర మండుతది బాపు."

"తేనెటీగ కుట్టినదానికన్ననా?" అన్నాడు. చుక్క పడగానే, "అవ్వో, గొంతుల చేదొస్తుంది!"

మందు ముక్కులోంచి గొంతులోకి దిగకుండా కంటి మూల వేలితో నొక్కిపట్టాను.

పాప నెమ్మదిగా విచ్చుకుంది. డాక్టరమ్మ తలకు లైటు పెట్టుకుని రెండు కళ్లూ అంచుల దాకా చూసింది. అంతసేపూ నేను చదివిందంతా మర్చిపోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఎక్కడా చిరుగు లేదు," అంది. నన్నూ చూడమంది. లోపల నారింజ రంగు పొర నిండుగా, చెక్కుచెదరకుండా ఉంది.

"మరి ఈగలు?" అన్నాడు బాపు.

"కంట్ల ముంజ అసొంటిది ఉంటది బాపు. వయసైతే నీళ్లోలె అయితది. అండ్ల పోగులు తేలుతయి. గవే నీ ఈగలు."

"అయితే గవి పోను చుక్కలెయ్యి."

"వాటికి చుక్కల్లేవు. అలవాటైతయి. గని కంట్ల మెరుపులొచ్చినా, ఈగలు ఒక్కసారే ఎక్కువైనా, పరదా అడ్డమొచ్చినట్టైనా, చెట్టు చెట్టుకాడ్నే ఇడిశిపెట్టి రావాలె."

"వస్త," అన్నాడు. బాపు నా మాటకు అంత తేలిగ్గా ఒప్పుకోవడం అదే మొదటిసారి.

సాయంత్రం నల్లద్దాలు పెట్టుకుని తాటిచెట్టు కింద కూర్చున్నాడు. పైన చిన్నబాపు గెల చెక్కుతున్నాడు.

"నాకు కనవడ్తలేదు గని, కత్తి సప్పుడు ఇనవడ్తుంది! లోతుగ కోస్తున్నవురా!"

"డాక్టర్ నిన్ను కూసోమన్నది, ఒర్రుమన్లేదు అన్నా!"

చిన్నబాపు దిగి లొట్టి బాపు ముందు పెట్టాడు. బాపు దాని మీద చెయ్యి ఊపబోయి ఆగాడు. నా వైపు తిరిగాడు.

"గివి లోపటియా, బయటియా?"

వంగి చూశాను. "బయటియే బాపు."

"అయితే తోలు," అని లొట్టిని నా వైపు జరిపాడు.