అవ్వ కాఫీ, నా థైరాయిడ్ మాత్ర

జడ అల్లుతూ అవ్వ నా గొంతు తడిమింది.

"ఈడ ఏందో ఉబ్బినట్టుండాదే పాపా! పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుందామా?"

మా వడమాలపేట ఇంట్లో ఎవరికి ఏం వాచినా అవ్వకు ముందు గుర్తొచ్చేది విరిగిన ఎముకలకు కట్టే పుత్తూరు కట్టే.

"గొంతుకు కట్టు కడితే అన్నం ఎట్ల మింగేదవ్వా?" అన్నాను. అవ్వ నవ్వేసి, మరుసటి రోజు తానే నన్ను తిరుపతి బస్సెక్కించింది.

రక్తపరీక్షలో, థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంది. యాంటీ టీపీఓ అనే యాంటీబాడీల అంకైతే ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. నన్ను కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నా థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దెబ్బతీస్తోందట. డాక్టరమ్మ రోజూ పరగడుపున వేసుకోమని మాత్ర రాశారు. నేను ఆ పెద్ద అంకెను డైరీలో ఎక్కించి, రోజూ తెరిచి చూసుకునేదాన్ని.

రెండు నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ దిగలేదు. ఎవరూ చెప్పకుండా నేనే చేయించుకున్న యాంటీబాడీ పరీక్షలోనూ అంకె తగ్గలేదు. ఇక నాకు ఏ మందూ పనిచేయదేమోనని భయపడిపోయాను.

"ఈ యాంటీబాడీ పరీక్ష మళ్ళీ ఎందుకు చేయించావమ్మా?" అన్నారు డాక్టరమ్మ. "జబ్బు ఎందుకొచ్చిందో మొదటిసారే చెప్పేసింది. మనం చూసుకోవాల్సింది టీఎస్‌హెచ్. డోసు పెంచే ముందు చెప్పు, మాత్ర ఎట్లా వేసుకుంటున్నావు?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "లేస్తానే చిక్కటి కాఫీ ఇస్తానమ్మా. దాంతోనే మింగతాది. ఒక్క దినం తప్పలేదు!"

"అదే అవ్వా తంటా. మాత్ర నీళ్ళతోనే. కాఫీ గంట ఆగి తాగాలి. లేకుంటే మందు ఒంటికి పట్టదు."

బస్సులో అవ్వ నా వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసు కదూ?"

తెలుసు. మాత్రల పెట్టెలోని కాగితం రెండుసార్లు చదివాను.

"నువ్వు గ్లాసు పట్టుకోని నిలబడుంటావు. వద్దంటే బాధపడతావని..."

"అంతలావు డైరీలు రాస్తావు! నాకొక్క మాట చెప్పేదానికి నోరు రాలేదా?" అని నా బుగ్గ గట్టిగా గిల్లింది. కాసేపటికి ఆ చోటే నిమిరింది.

ఆ తర్వాతి పరీక్షలో టీఎస్‌హెచ్ హద్దులోకి వచ్చింది. డోసు పెంచలేదు.

ఇప్పుడు పొద్దున్నే అవ్వ నాకు నీళ్ళ గ్లాసే ఇస్తుంది. తానూ కాఫీ ముట్టకుండా వాకిట్లో కూర్చుంటుంది.

"నువ్వు తాగవ్వా, నీకేం జబ్బు?"

"నువ్వు సూస్తా ఉంటే నాకు గొంతు దిగతాదా? గంటయిందా?"

"ఇంకా నలభై నిమిషాలుండాది."

"నీ గడియారం నిద్రపోతా ఉండాదేమో, సరిగ్గా సూడు."